మొదటిసారి ఏమీ కాదు.. తర్వాతే ఒళ్లంతా దద్దుర్లు: రసాయనాలు మన ఇమ్యూనిటీని ఎలా రెచ్చగొడతాయి?

బాన్సువాడ చుట్టుపక్కల నిజాంసాగర్ కాల్వ కింద వరి పొలాల్లో మందు కొట్టే రోజుల్ని ఊహించుకోండి. ఒకే మడి, ఒకే డబ్బా మందు, ఇద్దరు కూలీలు. ఒకరు సాయంత్రం స్నానం చేసి మామూలుగా భోజనం చేసి పడుకుంటారు. ఇంకొకరికి రెండో రోజుకల్లా మెడ, ముంజేతులు ఎర్రబడి, నీటి పొక్కులు లేచి, రాత్రంతా దురద. 'ఆ మందు అతనికి పడలేదు' అంటారు ఊళ్లో.

ఈ 'పడదు' అనే మాటను మనం రోజూ వాడుతుంటాం. వంకాయ పడదు, దుమ్ము పడదు, జుట్టుకు వేసుకునే రంగు పడదు, రోల్డ్ గోల్డ్ కమ్మలు పడవు. కానీ నిన్నటిదాకా పడినది ఇవాళ ఎందుకు పడకుండా పోతుంది? పక్కవారికి ఏమీ కానిది మీకే ఎందుకు అవుతుంది? ఇది చర్మంతోనే ఆగుతుందా, లోపలి జబ్బుగా మారుతుందా? అప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

విషం వేరు.. అలర్జీ వేరు

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. రసాయనం మనకు రెండు రకాలుగా హాని చేస్తుంది.

మొదటిది నేరుగా చేసే హాని. అంటే విషం. మోతాదు ఎక్కువైతే ఎవరికైనా ప్రమాదమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి లీకైన స్టైరీన్ ఆవిరికి 12 మంది చనిపోయారు. అక్కడ ఎవరి శరీరతత్వం ఏమిటన్న ప్రశ్నే లేదు. ఎంత పీల్చారు, ఎంతసేపు పీల్చారు అన్నదే లెక్క. 2017లో మన పొరుగునే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయిన సంఘటన కూడా ఇలాంటిదే. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు నరాల సంకేతాలను అదుపు చేసే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. నోట్లో చొంగ, కంటిపాప చిన్నదైపోవడం, ఊపిరాడకపోవడం ఇందుకే వస్తాయి. దీనికీ ఇమ్యూనిటీకీ సంబంధం లేదు.

రెండోది అలర్జీ. ఇక్కడ రసాయనం చేసే హాని కొంచెమే కావచ్చు. అసలు నష్టం చేసేది మన రోగనిరోధక వ్యవస్థ. హాని లేని, లేదా కొద్దిపాటి హాని మాత్రమే ఉన్న పదార్థాన్ని శత్రువుగా ముద్రవేసి, దాని మీదకు దండెత్తుతుంది. ఆ దాడిలో మన చర్మం, మన శ్వాసనాళాలే దెబ్బతింటాయి. 'అలర్జీ' అనే పదాన్ని 1906లో ఆస్ట్రియా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే మొదట వాడారు. మారిన స్పందన అన్నది ఆయన ఉద్దేశం. మన 'పడదు' కూడా దాదాపు అదే అర్థం.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, విషానికి మోతాదు తగ్గిస్తే సరిపోవచ్చు. అలర్జీ ఒకసారి కుదురుకున్నాక చిటికెడు సరుకు కూడా చాలు.

అంత చిన్న రసాయనాన్ని ఒంట్లోని సైన్యం ఎలా పసిగడుతుంది?

రోగనిరోధక వ్యవస్థ సాధారణంగా వైరస్‌లు, బ్యాక్టీరియా, వాటి ప్రొటీన్ల వంటి పెద్ద పదార్థాలనే గుర్తిస్తుంది. జుట్టు రంగులోని రసాయనం, సిమెంటులోని క్రోమియం, నగల్లోని నికెల్ వంటివి చాలా చిన్నవి. వాటంతట అవి ఈ వ్యవస్థ కంటికి ఆనవు. కానీ చిన్నవి కాబట్టే చర్మం పైపొరను దాటి సులభంగా లోపలికి జారతాయి. సుమారు 500 డాల్టన్ల కంటే తక్కువ బరువున్న అణువులే చర్మం దాటగలవని వైద్యులు ఒక కొండగుర్తుగా చెబుతారు.

లోపలికి వెళ్లిన రసాయనం మన చర్మంలోని ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. అప్పుడు ఆ ప్రొటీన్ రూపం మారిపోతుంది. ఇంట్లో మనిషే, కానీ ముఖానికి రంగు పూసుకుని చీకట్లో వచ్చాడు. కాపలా కుక్క మొరుగుతుంది. ఇక్కడ కాపలా కాసేవి చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలు. అవి ఆ మారిన ప్రొటీన్ ముక్కను పట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి తీసుకెళ్లి టి-కణాలకు చూపిస్తాయి. ఆ ముక్కను గుర్తించగల టి-కణాలు వేల సంఖ్యలో తయారవుతాయి. వాటిలో కొన్ని 'జ్ఞాపక కణాలు'గా ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

ఈ తయారీకి సాధారణంగా 10 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే మొదటిసారి తగిలినప్పుడు మీకేమీ తెలియదు. తర్వాత ఎప్పుడో, వారానికో, ఏడాదికో, పదేళ్లకో అదే రసాయనం మళ్లీ తగిలితే జ్ఞాపక కణాలు 24 నుంచి 72 గంటల్లో అక్కడికి చేరి మంట పుట్టిస్తాయి. ఎర్రదనం, వాపు, పొక్కులు, దురద అన్నీ ఆ మంట గుర్తులే.

'ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు' అని చాలామంది అంటారు. అది అలర్జీ కాదనడానికి రుజువు కాదు. మొదటి పరిచయానికీ మొదటి దద్దురుకూ మధ్య ఏళ్లు గడవచ్చు. అలాగే దద్దుర్లు వచ్చిన రోజున తిన్నదాన్నో, వాడినదాన్నో మాత్రమే అనుమానిస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు. రెండు మూడు రోజులు వెనక్కి వెళ్లి చూడాలి.

ఇంకో రకం అలర్జీ నిమిషాల్లో వస్తుంది. దీంట్లో టి-కణాలకు బదులు ఐజీఈ అనే యాంటీబాడీలు పనిచేస్తాయి. అవి మాస్ట్ కణాల మీద కూర్చుని ఉంటాయి. పడని పదార్థం తగలగానే ఆ కణాలు పగిలినట్టుగా హిస్టమిన్‌ను వదిలేస్తాయి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, కళ్లు ఉబ్బడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం దీని లక్షణాలు. ఇంజెక్షన్ మందులు, కందిరీగ కాటు, కొన్ని ఆహారాలు ఇందుకు తరచూ కారణం. ఇది ప్రాణాల మీదకు వచ్చే రకం.

మన చుట్టూ ఉన్న 'పడనివి' ఏవి?

వయ్యారిభామ: బాన్సువాడ రోడ్ల పక్కన, ఖాళీ ప్లాట్లలో, పొలం గట్ల మీద తెల్లటి చిన్న పూలతో గుబురుగా పెరిగే ఈ కలుపు మొక్కను మీరు చూసే ఉంటారు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1956లో పుణెలో దీన్ని మొదట నమోదు చేశారు. ఇప్పుడు దేశమంతా ఉంది. దీనిలోని పార్థెనిన్ అనే రసాయనం టి-కణాలను రెచ్చగొడుతుంది. మొక్కను ముట్టుకోకపోయినా, ఎండిన ముక్కలు, పొడి గాలిలో ఎగిరి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద పడితే చాలు. మొదట్లో కాలాన్ని బట్టి వచ్చి పోతుంది. వదిలేస్తే ఏడాది పొడవునా ఉండిపోయి, చర్మం దళసరిగా నల్లబడి, ఎండ తగిలినా భరించలేని స్థితికి చేరవచ్చు. దీన్ని పీకే పని పారిశుధ్య కార్మికుల మీద, ఉపాధి హామీ కూలీల మీద పడుతుంది. వట్టి చేతులతో పీకించడం అంటే వారికి ఈ జబ్బు అంటగట్టడమే. పూత రాకముందే, చేతికి గ్లవ్స్ వేసుకుని, నిండు చేతుల చొక్కాతో, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా తీయాలి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీని మీద అవగాహన వారం జరుపుతోంది. ఈ మొక్కను తినే మెక్సికన్ పెంకు పురుగును 1980లలో మన దేశానికి తెప్పించి వదిలారు కూడా.

సిమెంట్: తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ కూలీల చేతులు పగిలి, తామరలా కనిపించడం మామూలే అనుకుంటాం. తడి సిమెంటులోని క్షారం మొదట చర్మాన్ని కాలుస్తుంది. ఇది విషం రకం హాని. పగిలిన చర్మం గుండా ఆరు వేలెన్సీ క్రోమియం లోపలికి పోయి అలర్జీ పుట్టిస్తుంది. అంటే మొదటి హాని రెండోదానికి తలుపు తీస్తుంది. డెన్మార్క్ 1980లలోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి ఈ క్రోమియాన్ని తగ్గించింది. ఐరోపా సమాఖ్య 2005 నుంచి పది లక్షల భాగాల్లో 2 భాగాలు మించకూడదని హద్దు పెట్టింది. జబ్బు పుట్టే చోటే ఆపవచ్చనడానికి ఇది మంచి ఉదాహరణ.

జుట్టు రంగు: నల్లరంగుల్లో చాలావాటిలో పారాఫినైలిన్‌డయమిన్ ఉంటుంది. పెట్టె మీద పీపీడీ అని కనిపించేది ఇదే. తల అంచులు, చెవులు, నుదురు, కనురెప్పలు వాచిపోతే ముందు దీన్నే అనుమానించాలి. పెళ్లిళ్లలో చేతికి పెట్టే 'నల్ల మెహందీ'లో కూడా దీన్ని కలిపే అవకాశం ఉంది. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. గంటలో నల్లగా పండితే అనుమానించండి. మన దేశంలో ఇలాంటి రంగుల పెట్టె మీద హెచ్చరిక తప్పనిసరి. ముందుగా కొద్దిచోట పరీక్షించుకోవాలనీ, కనుబొమలకు, రెప్పలకు వాడితే చూపు పోవచ్చనీ రాయాలి. ప్రతిసారీ వేసుకునే ముందు చెవి వెనకో, మోచేతి లోపలో కొంచెం రాసి 48 గంటలు చూడటం మేలు. కిందటి నెల ఏమీ కాలేదు కదా అని వదిలేయవద్దు.

రోల్డ్ గోల్డ్, బొట్టు బిళ్ల: చెవి తమ్మెలు చీము పట్టినట్టు అవడం, బొడ్డు దగ్గర ప్యాంటు బొత్తం తగిలే చోట దురద రావడం ఎక్కువసార్లు నికెల్ పడకపోవడమే. బొట్టు బిళ్ల కథ వేరు. కొన్ని బిళ్లల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తుంది. అలా దెబ్బతిన్న కణాల మీద ఇమ్యూనిటీ కూడా తిరగబడి వాటిని చంపుతుంది. ఫలితంగా నుదుటి మీద సరిగ్గా బిళ్ల ఆకారంలో తెల్లమచ్చ. దాన్ని బొల్లి అనుకుని బెంగపడటం, సంబంధాలు వెనక్కి పోవడం మన ఇళ్లలో తెలియని సంగతి కాదు. తొందరగా బిళ్ల మానేసి డాక్టరుకు చూపిస్తే రంగు తిరిగొచ్చే అవకాశం ఉంది.

పంట మందులు: పైన చెప్పుకున్న వరి మడికి మళ్లీ వెళ్దాం. మాంకోజెబ్, థైరమ్ వంటి తెగులు మందులు అలర్జీ పుట్టించగలవని వైద్యశాస్త్రానికి తెలుసు. సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు తగిలితే ముఖం చిమచిమలాడుతుంది. అది అలర్జీ కాదు, చర్మంలోని నరాలు రెచ్చిపోవడం. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. చూడటానికి రెండూ 'మందు పడలేదు' లాగే ఉంటాయి. చికిత్స మాత్రం వేరు.

ఊపిరితిత్తుల్లోకి వెళ్తే?

చర్మం మీద దురదగా కనిపించేదే శ్వాసనాళాల్లో ఆస్తమాగా కనిపిస్తుంది. కార్లకు స్ప్రే పెయింట్ వేసే చోట, ఫోమ్ తయారీలో వాడే ఐసోసైనేట్లు వృత్తి ఆస్తమాకు పేరుమోసిన కారణాలు. ఒకసారి అలవాటు పడ్డ ఊపిరితిత్తులు తర్వాత అతి తక్కువ ఆవిరికి కూడా బిగుసుకుపోతాయి. 1984 డిసెంబర్ 2-3 రాత్రి భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసైనేట్ ఈ కుటుంబానిదే. అయితే అక్కడ జరిగింది ప్రధానంగా విషప్రభావం. ఒక్కసారి భారీగా పీల్చినవారికి కూడా తర్వాత ఆస్తమా వంటి జబ్బు మిగిలిపోవచ్చని భోపాల్ తర్వాత వైద్యులు మరింత గట్టిగా గుర్తించారు.

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో వేల ఇళ్లలో మహిళలు బీడీలు చుడతారు. తునికాకు కత్తిరించి, చాటలోని తంబాకు నింపుతూ గంటల తరబడి కూర్చుంటారు. ఆ పొడి ముక్కులోకి, గొంతులోకి, పక్కనే ఆడుకునే పిల్లల మీదకు వెళ్తుంది. దగ్గు, ఆయాసం, చేతుల మీద దురద వస్తే 'పని తీరే అంత' అని సర్దుకుపోతారు. ఇందులో కొంత దుమ్ము చేసే రాపిడి, కొంత నికోటిన్ ప్రభావం, కొంత అలర్జీ. ఏది ఎంతో డాక్టరు చూస్తేనే తేలుతుంది.

ఇంట్లో మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పని లేని రోజుల్లో, ఊరెళ్లినప్పుడు దగ్గు తగ్గి, పనిలోకి దిగిన ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలవుతోందా? అయితే కారణం పనిచోటే ఉందనడానికి అది బలమైన ఆధారం. తేదీలు వేసి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. డాక్టరుకు ఇంతకంటే మంచి సమాచారం ఉండదు.

సొంత ఒంటి మీదే దాడి: ఆటోఇమ్యూన్ జబ్బులు

కొన్నిసార్లు రోగనిరోధక వ్యవస్థ రసాయనంతో ఆగదు. సొంత కీళ్లు, చర్మం, మూత్రపిండాల మీద తిరగబడుతుంది. అన్ని ఆటోఇమ్యూన్ జబ్బులకూ రసాయనం కారణం కాదు. కానీ కొన్ని సంబంధాలు మాత్రం గట్టిగా రుజువయ్యాయి.

రాతి దుమ్ము అందులో మొదటిది. రాళ్లు కొట్టే పనిలో, క్రషర్లలో, గ్రానైట్ కోసేచోట లేచే సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో దిగుతుంది. దాన్ని తినబోయిన రక్షణ కణాలు అరిగించుకోలేక చచ్చిపోతూ, మంట రేపే సంకేతాలు వదులుతూనే ఉంటాయి. సిలికోసిస్ ఇలా వస్తుంది. ఈ ఎడతెగని మంట వల్లే రుమటాయిడ్ ఆర్థరైటిస్, చర్మం బిగుసుకుపోయే స్క్లీరోడెర్మా వంటివి కూడా సిలికా పీల్చినవారిలో ఎక్కువ. రాళ్లు చెక్కేవారిలో స్క్లీరోడెర్మాను స్కాట్లండ్ వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ 1914లోనే గమనించారు.

రెండోది పొగ. బీడీ, సిగరెట్ పొగ ఊపిరితిత్తుల్లోని కొన్ని ప్రొటీన్లను మార్చేస్తుంది. కొన్ని రకాల జన్యువులున్నవారిలో ఆ మారిన ప్రొటీన్ల మీద యాంటీబాడీలు పుట్టి, ఏళ్ల తర్వాత కీళ్ల మీద పడతాయి. జన్యువు తుపాకీలో గుండు అయితే పొగ ట్రిగ్గర్ లాంటిది. ఒక్కటే ఉంటే ముప్పు తక్కువ. రెండూ కలిస్తే చాలా రెట్లు పెరుగుతుంది. 'మా తాత అరవై ఏళ్లు బీడీ తాగాడు, ఏం కాలేదు' అనే వాదనకు సమాధానం ఇక్కడే ఉంది.

మూడోది మనం తినే మందులు. బీపీకి వాడే హైడ్రలజిన్, క్షయకు వాడే ఐసోనియజిడ్ వంటివి అరుదుగా లూపస్ లాంటి లక్షణాలు తెస్తాయి. మందు మార్చితే ఎక్కువగా తగ్గిపోతాయి. అంతమాత్రాన క్షయ మందులు మీకై మీరు ఆపేయకూడదు. ఆపడమే పెద్ద ప్రమాదం. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ వంటివి కొందరిలో చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌కు దారితీస్తాయి. కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జ్వరంతో పాటు నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మంపై బొబ్బలు కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆహారంలో కల్తీ కూడా ఇంత పని చేయగలదని 1981లో స్పెయిన్ చూసింది. అనిలిన్ కలిపిన పరిశ్రమల నూనెను వంటనూనెగా అమ్మారు. సుమారు 20 వేల మంది జబ్బుపడ్డారు. వందల మంది చనిపోయారు. బతికినవారిలో చాలామందికి స్క్లీరోడెర్మాను పోలిన దీర్ఘకాలిక జబ్బు మిగిలింది. ఒకే నూనె తిన్న ఇంట్లో కూడా కొందరికే జబ్బు రావడం అప్పట్లో వైద్యులను చాలా తికమక పెట్టింది.

అయితే ప్రతి జబ్బుకూ రసాయనమే కారణమా?

కాదు. ఇది గట్టిగా చెప్పుకోవాలి. 'రసాయనాలు లేనిది' అని రాసి అమ్మే నూనెలు, పొడులు కూడా అలర్జీ తెస్తాయి. వయ్యారిభామ సహజమైన మొక్కే కదా. అలాగే నీరసం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం వంటి లక్షణాలన్నింటినీ ఏదో ఒక రసాయనం మీదకు నెడితే, థైరాయిడో రక్తహీనతో దొరక్కుండా పోతుంది. 'ఒంట్లో విషాలు కడిగేస్తాం', 'ఇమ్యూనిటీ పెంచుతాం' అనే ప్యాకేజీలకు డబ్బు పోయకండి. అలర్జీ ఉన్నవారి సమస్య ఇమ్యూనిటీ తక్కువ కావడం కాదు, అది తప్పుదారిన పనిచేయడం.

కారణం పట్టుకోవడం ఎంత కష్టమో ఏలూరు చూపించింది. 2020 డిసెంబర్ మొదటి వారంలో అక్కడ 600 మందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి ఆసుపత్రుల్లో చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల దృష్టి పురుగుమందుల అవశేషాల మీదకు మళ్లింది. దేశంలోని పెద్ద ల్యాబులు కలిసి వెతికితేనే అంత సమయం పట్టినప్పుడు, ఒక్క మనిషికి వచ్చిన జబ్బుకు వాట్సాప్‌లో తీర్పు ఇచ్చేయడం కుదరని పని.

ఎక్కడికి వెళ్లాలి? ఏం అడగాలి?

బాన్సువాడలో ఉన్నవారికి మొదటి మెట్టు ఏరియా ఆసుపత్రి. అక్కడి నుంచి అవసరాన్ని బట్టి కామారెడ్డి, నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రులకు రాసి పంపుతారు. కీళ్లు, లూపస్ వంటి వాటికి హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

చర్మ అలర్జీకి కారణం తేల్చేది ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న మోతాదుల్లో వీపు మీద అంటించి, 48 గంటలకు తీసి చూస్తారు. 96 గంటల ప్రాంతంలో మరోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు. జర్మన్ వైద్యుడు జోసెఫ్ యాడసోన్ 1890లలో మొదలుపెట్టిన ఈ పద్ధతికి ఇప్పటికీ సాటి లేదు. ఆలస్యంగా వచ్చే చర్మ అలర్జీని రక్తపరీక్షతో తేల్చలేరు. కాబట్టి వేల రూపాయల 'అలర్జీ ప్యానెల్' రాయించుకునే ముందు ఇది ఏ రకం అలర్జీకి అని డాక్టరునే అడగండి. ఆయాసం ఉంటే ఊపిరి ఊదే పరీక్ష, స్పైరోమెట్రీ చేయించమనండి.

వెళ్లేటప్పుడు మీరు వాడిన డబ్బా, పెట్టె, మందు స్ట్రిప్, కనీసం వాటి ఫొటోలు తీసుకెళ్లండి. 'ఏదో తెల్లమందు కొట్టాను' అంటే డాక్టరుకు ఏమీ తెలియదు.

మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసుకోవడం మానండి. అవి డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినవి. దురద తగ్గినట్టే తగ్గి, చర్మం పలచబడి, ఒకవేళ అది అసలు తామరే అయితే ఒళ్లంతా పాకుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

రసాయనాలు, రంగుల వల్ల వచ్చే చర్మవ్యాధి, ఐసోసైనేట్ విషప్రభావం, సిలికోసిస్ మూడూ ఫ్యాక్టరీల చట్టం-1948 మూడో షెడ్యూల్‌లో 'తప్పక తెలియజేయాల్సిన వ్యాధులు'గా ఉండేవి. అంటే ఇలాంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల శాఖకు రాయాలి. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఈ జాబితా ఉంది. పని వల్ల వచ్చిన జబ్బును పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా చూసి పరిహారం ఇవ్వాలన్న సూత్రం 1923 పరిహార చట్టం నుంచీ ఉంది. సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని కొనసాగించింది. నెలకు 21 వేల రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి అక్కడే వైద్యం, ప్రయోజనాలు అందుతాయి.

చిక్కు ఎక్కడంటే, ఈ రక్షణ ఎక్కువగా ఫ్యాక్టరీ గేటు లోపలే. పొలంలో మందు కొట్టే దినకూలీ, ఇంట్లో బీడీలు చుట్టే మహిళ, అడ్డా మీద నిలబడే తాపీ మేస్త్రి తమ జబ్బుకు కారణం పనేనని కాగితం మీద రుజువు చేసుకోవడం చాలా కష్టం. బీడీ కార్మికులకు రాష్ట్రం పింఛను ఇస్తోంది. కానీ అది జీవనభృతి, జబ్బుకు పరిహారం కాదు. అందుకే మీ ఓపీ చీటీ మీద డాక్టరు చేత మీరు చేసే పని పేరు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, దేనికి గురయ్యారు అన్నవి రాయించుకోండి. రేపు ఏ దరఖాస్తు పెట్టాలన్నా ఆ రెండు వాక్యాలే ఆధారం.

అత్యవసరమైతే..

పెదవులు, నాలుక ఉబ్బి ఊపిరాడకపోతే, దద్దుర్లతో పాటు కళ్లు తిరిగి పడిపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచండి. ఊపిరాడక ఇబ్బందిపడుతుంటే కూర్చోనివ్వండి. ఇలాంటప్పుడు ప్రాణం నిలిపేది తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సిట్రిజిన్ మాత్ర వేసి ఇంట్లో కూర్చుంటే సరిపోదు.

మందు ఒంటి మీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో, పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. కళ్లలో పడితే సబ్బు లేకుండా నీటితోనే అంతసేపు కడగాలి. నూనె, పసుపు, సున్నం రాయవద్దు. మింగితే బలవంతంగా కక్కించవద్దు. డబ్బా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. డబ్బాతో వచ్చే కాగితంలో విరుగుడు పేరు ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో డాక్టర్లకూ, సామాన్యులకూ సలహా ఇస్తుంది.

మందుబిళ్ల వల్ల రియాక్షన్ వస్తే 1800 180 3024కు చెప్పవచ్చు. ఇది దేశవ్యాప్త ఔషధ నిఘా కార్యక్రమం నంబరు. హెచ్చరిక లేకుండా అమ్మిన రంగులు, కాస్మెటిక్స్ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. పంట మందుల వాడకంపై సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551.

ఖర్చు లేని జాగ్రత్తలు

పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తులో కింది భాగం రంగు చూడండి. ఎరుపు అంటే అత్యంత విషం. తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది అలర్జీ చేయదని కాదు. ఆ రంగు విషం తీవ్రతకే కొలత.

గాలికి ఎదురు నిలబడి మందు కొట్టవద్దు. నిండు చేతుల చొక్కా, గ్లవ్స్, మాస్కు, బూట్లు వాడండి. కొట్టిన బట్టలను ఇంట్లో బట్టలతో కలిపి ఉతకవద్దు. చాలా ఇళ్లలో పొలానికే వెళ్లని వారికి దద్దుర్లు వచ్చేది ఆ బకెట్ నుంచే. సిమెంటు పనిలో చేతులు పగలకుండా పని అయ్యాక కడుక్కుని కొబ్బరినూనె రాయండి. బీడీలు చుట్టే చోట కిటికీ తెరిచి, తంబాకు చాటను పిల్లలకు, పొయ్యికి దూరంగా ఉంచండి.

ఒకసారి 'పడదు' అని తేలిన పదార్థాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుందామని మాత్రం చూడవద్దు. మీరు మర్చిపోయినా మీ టి-కణాలు మర్చిపోవు. దాని పేరు ఒక కాగితం మీద రాసి పర్సులో, ఫోన్‌లో పెట్టుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా అదే చూపించండి.